తుంగగడ్డా, రణపాల ఆకా?



మన భాషలో నేలలో ఊరేదాన్నీ గడ్డ అంటాం, ఒంట్లో లేచేదాన్నీ గడ్డే అంటాం. ఉల్లిగడ్డ, చేమగడ్డ, తుంగగడ్డ. అదే నోటితో రొమ్ములో గడ్డ, మెదడులో గడ్డ. ఈ మాట పెట్టినవాళ్ళు జీవశాస్త్రం చదివి పెట్టలేదు. కానీ శాస్త్రవేత్తలు చాలా ఏళ్ళు తిరిగి తిరిగి దాదాపు ఇదే పోలిక దగ్గరికి వచ్చారు. ఆ పోలిక ఎంతవరకు నిలిచింది, ఎక్కడ చెడింది అన్నదే ఈరోజు నేను చెప్పబోయే కథ.

చిన్నప్పుడు మా నాయనమ్మ పెరట్లో కూరమడి దగ్గర కూర్చుని తుంగ తీసేది. నేను సాయం చేస్తానని వెళ్ళి, పైపైన పిలకలు లాగేసి, చేతులు దులుపుకొని అయిపోయిందనేవాణ్ణి. "పైది తెంపితే ఏం లాభంరా, అడుగున గడ్డ అట్లాగే ఉంది. వారం తిరక్కుండా మళ్ళీ లేస్తుంది చూడు" అనేది. అన్నట్టే లేచేది.

క్యాన్సర్ వచ్చిన ఇళ్ళలో వినిపించే ప్రశ్న కూడా ఇదే. ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు, కరెంటు పెట్టారు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, ఊపిరి పీల్చుకున్నాం. మూడేళ్ళకో ఐదేళ్ళకో మళ్ళీ వచ్చింది. ఇన్నాళ్ళూ అది ఎక్కడ దాక్కుంది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. మందులతో క్యాన్సర్‌ను లొంగదీయవచ్చని తెలిసిన మొదటి రోజుల్లోనే ఇదీ పుట్టింది. ఆ రోజుల్లో మన తెలుగువాడొకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు అక్కడ అమినోప్టెరిన్ అనే మందు తయారైంది. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ మందు ఆ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుంటుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూసి, 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఎవరూ చూడని సంగతి అది. కానీ ఆ తగ్గుముఖం కొన్ని నెలల ముచ్చటే. జబ్బు తిరగబెట్టింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆయన బృందం చేతుల మీదుగా వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇక్కడ ఒక మెలిక గమనించండి. కీమో మందుల్లో చాలావరకు చురుగ్గా చీలుతున్న కణాల మీదే దెబ్బ వేస్తాయి. మరి చీలకుండా, కదలకుండా, మగతగా పడుకుని ఉన్న కణం సంగతేమిటి? దాన్ని ఆ మందు దాటుకుని పోతుంది.

అలా పడుకోగలిగే కణాల్లో ఒక రకం మూలకణాలు, ఇంగ్లీషులో స్టెమ్ సెల్స్. అవి ఒంట్లో సహజంగానే ఉన్నాయని ప్రయోగంలో తేలడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్ అనే భౌతికశాస్త్రవేత్త, ఎర్నెస్ట్ మెకలాక్ అనే వైద్యుడు కలిసి చిట్టెలుకల మీద రేడియేషన్ ప్రభావం చూస్తున్నారు. ముందు ఎలుకకు గట్టిగా రేడియేషన్ ఇచ్చి దాని రక్తకణాల ఉత్పత్తిని చంపేస్తారు. తరువాత ఇంకో ఎలుక ఎముకల మూలుగ తెచ్చి ఎక్కిస్తారు. పది రోజులకు కోసి చూస్తే ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. ఒక్కో బుడిపెలో రకరకాల రక్తకణాలు. ఎక్కించిన మూలుగ పెరిగేకొద్దీ బుడిపెల లెక్కా పెరిగింది. 1961లో ఈ సంగతి ప్రచురించారు. 1963లో ఆండ్రూ బెకర్ అనే విద్యార్థితో కలిసి, ఒక్కో బుడిపె ఒకే ఒక్క కణం సంతానమని చూపించారు.

మూలకణం అంటే ఏమిటన్నదానికి అప్పుడు దొరికిన జవాబే ఇప్పటికీ కొలబద్ద. అది రెండు పనులు చేయగలగాలి. తనలాంటి దాన్ని మళ్ళీ కనాలి. తనలాంటివి కాని రకరకాల కణాలనూ కనాలి. ఎర్రకణం ఆక్సిజన్ మోసి మోసి చచ్చిపోతుంది, దానికి పిల్లలు లేవు. మూలుగలోని మూలకణం మాత్రం వంశం నిలబెట్టుకుంటూనే రకరకాల కూలీలను పనికి పంపుతూ ఉంటుంది.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. స్టెమ్ సెల్ అన్న మాట మీకు ఎక్కువగా ప్రకటనల్లో వినబడుతుంది. మోకాళ్ళ నొప్పులకు, చక్కెర జబ్బుకు, పక్షవాతానికి, అన్నిటికీ అదే మందట. నేను మాట్లాడుతున్న మూలకణానికీ ఆ వ్యాపారానికీ సంబంధం లేదు. ఇక్కడ మూలకణం మందు కాదు, నిందితుడు.

సరే. ఒంట్లో చాలా కణజాలాలకు ఇలా మూలకణాలు ఉన్నప్పుడు, క్యాన్సర్ గడ్డలో కూడా ఉంటాయా? గడ్డలోని కోట్ల కణాల్లో అన్నీ సమానమా, లేక కొన్ని మాత్రమే వంశం నిలబెట్టేవీ మిగతావి కూలికి పోయేవీనా? అన్నీ సమానమైతే ఎన్ని చంపితే అంత లాభం. అలా కాకపోతే, నూటికి తొంభైతొమ్మిది చంపి మిగిలిన ఆ ఒక్కదాన్ని వదిలేస్తే మా నాయనమ్మ చెప్పిన కథే.

రక్తపు క్యాన్సర్‌లో దీనికి జవాబు ముందు దొరికింది. టొరంటోలోనే జాన్ డిక్ బృందం 1994లో, ఒక రకం లుకేమియాలో కొత్త ఎలుకలో జబ్బు మొదలుపెట్టగల కణం సుమారు రెండున్నర లక్షలకు ఒకటి ఉందని లెక్కగట్టింది. రక్తంలో కణాలు విడివిడిగా పారుతుంటాయి కాబట్టి తీసి, ఏరి, లెక్కపెట్టడం కాస్త తేలిక. గట్టి గడ్డల సంగతి అలా కాదు. రొమ్ము, పేగు, మెదడు, ఊపిరితిత్తి గడ్డల్లో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలో నారూ బంకా పోసుకుని, రక్తనాళాలు అల్లుకుని గోడలా ఉంటాయి. ఆ గోడ కూల్చాలి, కానీ ఇటుక పగలకూడదు.

ఇది ఎలా చేస్తారో కొంచెం నిదానంగా చెబుతాను. దీని గురించి రాసేవాళ్ళు ఫలితాలు చెప్పి ఊరుకుంటారు. పని ఎలా జరుగుతుందో చెప్పరు. అసలు గొడవంతా ఆ పనిలోనే ఉంది.

ఆపరేషన్ గదిలో గడ్డ తీయగానే, వైద్యులకు పరీక్షకు కావలసిన ముక్క పోను, రోగి ఒప్పుకుంటే, మిగిలిన చిన్న ముక్కను చల్లటి ద్రావణంలో వేసి ప్రయోగశాలకు పంపుతారు. ఎదురుచూసేవాళ్ళు రాత్రయినా పగలైనా ఎదురుచూడాల్సిందే, కణాలు గంటల లెక్కన చచ్చిపోతాయి. ముక్కను బ్లేడుతో కైమా కొట్టినట్టు సన్నగా తరుగుతారు. కణాల మధ్య బంకను కరిగించే ఎంజైముల్లో వేసి, ఒంటి వేడి దగ్గర ఉంచి మెల్లగా ఊపుతారు. తరువాత సన్నటి జల్లెడలో వడగడతారు. దిగింది విడివిడి కణాల నీరు. అందులో చచ్చినవి ఉంటాయి, రోగి తెల్లకణాలుంటాయి, రక్తనాళాల కణాలుంటాయి. వాటిని తప్పించాలి. ఎంజైము కాస్త ఎక్కువసేపు ఉంటే కణం ఒంటిమీది ప్రొటీన్లను కూడా కొరికేస్తుంది. ఆ ప్రొటీన్లే మనకు గుర్తులు. గుర్తు చెరిగిపోతే మనిషిని ఎలా పోల్చుకుంటాం?

ఆ గుర్తులకు ఇంటిపేర్లలా అంకెలు పెట్టారు. సీడీ44, సీడీ24, సీడీ133 ఇలాగ. ఒక్కో గుర్తుకు అంటుకునే ప్రతిరక్షకాలు దొరుకుతాయి, వాటికి మెరిసే రంగులు తగిలిస్తారు. తరువాత ఒక యంత్రం. 1960ల చివర స్టాన్‌ఫర్డ్‌లో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం దీనికి రూపం ఇచ్చింది. కణాలున్న ద్రావణం సన్నటి ధారగా కారుతుంటే లేజర్ కాంతి ఒక్కో కణం మీద పడుతుంది. ఏ రంగు మెరిసిందో యంత్రం చూస్తుంది. ధార బొట్లుగా విడిపోయే క్షణంలో ఆ బొట్టుకు విద్యుదావేశం ఇస్తుంది, బొట్టు ఎడమకో కుడికో వంగి వేరే గొట్టంలో పడుతుంది. సెకనుకు వేల కణాలు. బియ్యంలో రాళ్ళు ఏరే చేటను ఇంత వేగంగా ఎవరూ తిప్పలేరు.

ఏరారు. మరి ఏరినవి మూలకణాలేనని ఎలా తెలుస్తుంది? చూస్తే తెలియదు. నాటి చూడాలి. విత్తనం మంచిదో తాలో మొలకెత్తితేనే కదా తెలిసేది. మనిషి కణాన్ని నాటడానికి మడి ఏమిటి? ఒకప్పుడు, 1960ల్లో, న్యూయార్క్‌లో చెస్టర్ సౌథమ్, అలెగ్జాండర్ బ్రన్ష్విగ్ అనే వైద్యులు రోగుల కణాలనే లెక్కపెట్టి తిరిగి ఆ రోగుల చర్మం కిందే ఎక్కించి చూశారు. గడ్డ మళ్ళీ లేవాలంటే పది లక్షలకు పైగా కణాలు కావలసి వచ్చింది. ఆ అంకె శాస్త్రానికి పనికొచ్చింది, కానీ ఆ పద్ధతిని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇప్పుడు ఏ నైతిక సంఘమూ దాన్ని గడప తొక్కనివ్వదు. ఇప్పటి మడి చిట్టెలుక. రోగనిరోధక శక్తి పుట్టుకతోనే లేని ఎలుక, పరాయి కణాన్ని తరిమికొట్టలేనిది.

2003లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మహమ్మద్ అల్ హజ్, మైకేల్ క్లార్క్, మాక్స్ విచా, షాన్ మారిసన్ బృందం రొమ్ము క్యాన్సర్ కణాలను ఇలా ఏరింది. సీడీ44 గుర్తు ఉండి, సీడీ24 గుర్తు లేకపోవడమో బాగా తక్కువగా ఉండడమో జరిగిన కణాలు ఒక కుప్ప, మిగతావి ఇంకో కుప్ప. మొదటి కుప్పలోంచి 100 కణాలు నాటితే చాలు, ఎలుకలో గడ్డ లేచింది. రెండో కుప్పలోంచి పదివేలకు పదివేలు నాటినా లేవలేదు. అంతకన్నా ముఖ్యమైనది తరువాతి సంగతి. లేచిన గడ్డను కోసి చూస్తే అందులో రెండు రకాల కణాలూ ఉన్నాయి. అందులోంచి మళ్ళీ మొదటి రకాన్ని ఏరి ఇంకో ఎలుకలో నాటితే మళ్ళీ లేచింది. తనలాంటిదాన్ని కంటోంది, తనలాంటిది కానిదాన్నీ కంటోంది. టిల్, మెకలాక్‌ల పరీక్ష నెగ్గింది. గట్టి గడ్డలో క్యాన్సర్ మూలకణం ఉందని ప్రపంచం వినడం అప్పుడే.

మరుసటి ఏడు టొరంటోలో షీలా సింగ్, పీటర్ డర్క్స్ మెదడు గడ్డల్లో సీడీ133 గుర్తున్న కణాలు 100 నాటితే గడ్డ వచ్చిందన్నారు. గుర్తు లేనివి లక్ష నాటినా రాలేదు. 2005లో మన పుణెలో, జాతీయ కణవిజ్ఞాన కేంద్రంలో, శర్మిళ బాపట్ బృందం అండాశయ క్యాన్సర్ రోగి కడుపులో చేరిన నీటినుంచి ఇలాంటి కణవంశాన్ని వేరుచేసింది. 2007లో పెద్దపేగు వంతు వచ్చింది. టొరంటో, రోమ్ నగరాల నుంచి రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. టొరంటో లెక్క ప్రకారం, ఏరకుండా తీసుకుంటే సుమారు 57,000 కణాలకు ఒకటి గడ్డ మొదలుపెడుతుంది. సీడీ133తో ఏరితే 262కి ఒకటి.

ఈ అంకెలు ఎలా వచ్చాయని మీకు అనుమానం రావాలి. ఒక్కో కణాన్ని చూసి లెక్కపెట్టినవి కావు. రైతు విత్తనాల సంచి కొన్నాడనుకోండి, మొలకెత్తేవి ఎన్నో పైకి తెలియదు. కొన్ని కుండీల్లో పదేసి, కొన్నిట్లో వందేసి, కొన్నిట్లో వెయ్యేసి గింజలు చల్లి, ఏ కుండీలో ఒక్కటీ మొలవలేదో చూస్తాడు. గుడ్డిగా చల్లినప్పుడు ఒక కుండీలో రెండు మంచి గింజలు పడతాయి, ఒకదాంట్లో ఒక్కటీ పడదు. గణితం చెప్పేదేమిటంటే, కుండీకి సగటున ఒక్క మంచి గింజ పడుతున్నప్పుడు నూటికి సుమారు 37 కుండీలు ఖాళీగా మిగులుతాయి. కాబట్టి ఏ మోతాదు దగ్గర నూటికి 37 ఎలుకలకు గడ్డ రాకుండా ఉంటుందో, ఆ మోతాదులో సగటున ఒక మూలకణం ఉన్నట్టు లెక్క. ఈ పద్ధతిలో ఎత్తిచూపగల తప్పేమీ లేదు, ఒక్కటి తప్ప. కుండీలో మట్టి మంచిదని ముందే అనుకుంటున్నాం.

ఆ ఒక్కటే 2008లో పగిలింది.

ఎల్సా కింటానా అనే పరిశోధకురాలు, మారిసన్ ప్రయోగశాలలో, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తీసుకున్నారు. ఆ మారిసన్ ఎవరో కాదు, 2003 రొమ్ము క్యాన్సర్ వ్యాసంలో పేరున్న మారిసనే. అప్పటిదాకా ఇలాంటి పరీక్షల్లో గడ్డ మొదలుపెట్టే కణం వెయ్యికొకటో పదిలక్షలకొకటో తేలుతూ వచ్చింది. వీళ్ళు కణాలను మార్చలేదు, మడి మార్చారు. పాత ఎలుకలో పరాయి కణాన్ని చంపే సహజ హంతక కణాలు కాస్తో కూస్తో మిగిలి ఉండేవి. అవి కూడా లేని కొత్త జాతి ఎలుకను తెచ్చారు. కణాలను కాళ్ళూనుకునే జిగురుతో కలిపి నాటారు. ఎనిమిది వారాలకే లెక్క కట్టేయకుండా నెలల తరబడి ఓపిక పట్టారు. 12 మంది రోగుల కణాల్లో, ఏ గుర్తుతోనూ ఏరకుండానే, సుమారు నాలుగింట ఒక కణం గడ్డను లేపింది. అనుమానం లేకుండా ఎలుకకు ఒక్కటంటే ఒక్క కణం నాటి చూశారు. నూటికి సగటున 27.

పదిలక్షలకు ఒకటి ఎక్కడ, నాలుగింట ఒకటి ఎక్కడ! విత్తనం లక్షణం అనుకున్నది చాలావరకు మడి లక్షణమని తేలింది. మారిసన్ తన పాత వ్యాసం నిలబెట్టిన నమ్మకాన్ని తన చేతులతోనే పరీక్షకు పెట్టడం చిన్న విషయం కాదు. శాస్త్రంలో నాకు నచ్చే ఘట్టాలు ఇలాంటివే. దీనితో క్యాన్సర్ మూలకణాలే లేవని కాదు. లుకేమియాలో ఆ అంతరాలు నిలిచాయి. మెలనోమాలో నిలవలేదు. గడ్డగడ్డకూ కథ వేరు. కానీ ఎలుకలో నాటితే మొలవడం వేరు, రోగి ఒంట్లో ఉన్నచోట ఉండి గడ్డను పోషించడం వేరు అన్న సంగతి ఇక దాటవేయడానికి వీల్లేకపోయింది. ఒకసారి తరిగి, వడగట్టి, లేజర్ కింద పెట్టి, పరాయి జంతువులో పాతిన కణం తన ఇంట్లో ఎలా బతికేదో ఎవరు చెప్పగలరు?

అయితే పీకకుండా చూడాలి. 2012 ఆగస్టులో మూడు బృందాలు ఒకేసారి ఆ పని చేసి చూపించాయి. ఇవి మనిషి గడ్డలు కావు, ఎలుకలోనే పుట్టించిన గడ్డలు. వాటిలో రెండు బృందాల పద్ధతిలో, ఎలుక జన్యువుల్లో ముందే ఒక మీట అమర్చుతారు. ఒక మందు ఇస్తే ఆ మీట పడి, ఎంచుకున్న రకం కణానికి రంగు వస్తుంది. ఆ కణానికి పుట్టే పిల్లలకూ మనవలకూ అదే రంగు. పచ్చబొట్టు వంశపారంపర్యంగా వస్తే ఎలా ఉంటుందో అలా. ఆ మీట నొక్కే మందు టామోక్సిఫెన్. మన ఇళ్ళలో రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్ళ తరబడి వేసుకునే మాత్రే అది. ఇక్కడ మందుగా కాదు, తాళంచెవిగా వాడారు.

నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం పేగు కణాలను తీసుకుంది. ఎల్‌జీఆర్5 అనే గుర్తు పేగులో సహజ మూలకణాలకు ఉంటుందని వాళ్ళే 2007లో కనిపెట్టారు. ఇప్పుడు ఒక్కో కణం నాలుగు రంగుల్లో ఏదో ఒకటి పట్టేలా ఏర్పాటు చేశారు. మొలిచిన కణితులను కోసి చూస్తే ముగ్గులో పొడి పోసినట్టు ఒక్కో పాయ ఒక్కో రంగు. కణితి కణాల్లో నూటికి ఐదు నుంచి పది మాత్రమే ఎల్‌జీఆర్5 గుర్తున్నవి, మిగతావన్నీ వాటి సంతానమే. రెండోసారి మందు ఇస్తే ఆ మూలకణాలు రంగు మార్చుకుని, కొత్త రంగు పాయను కనడం మొదలుపెట్టాయి. బ్రస్సెల్స్‌లో సెడ్రిక్ బ్లాన్‌పాన్ బృందం చర్మపు కణితుల్లో చూసింది. అక్కడ రంగు పట్టిన కణాల్లో చాలావాటి వంశం త్వరగానే ఆగిపోయింది, కొద్దివాటిదే చాలాకాలం నిలిచింది. డల్లాస్‌లో లూయిస్ పరాడా బృందం మెదడు గడ్డలున్న ఎలుకలకు టెమొజొలొమైడ్ ఇచ్చింది. ఈ జబ్బుకు ఇప్పుడు రోగులకు ఇచ్చే కీమో మందు అదే. చురుగ్గా చీలే కణాలు చచ్చాయి. గడ్డ మళ్ళీ మొలిచినప్పుడు, ఆ మొలక మగతగా పడుకున్న కొద్ది కణాల నుంచి లేచింది. ఆ కణాలను కూడా వేరే ఉపాయంతో చంపితే గడ్డ ఎదుగుదల మందగించింది.

మా నాయనమ్మ గెలిచినట్టే కదా! పిలకలు వేరు, గడ్డ వేరు. గడ్డ తవ్వితే సరి. నేనూ అలాగే అనుకున్నాను.

అందుకే ఇప్పుడు రణపాల సంగతి చెప్పాలి. చిన్నప్పుడు మీరంతా ఆ ఆకును పుస్తకంలో పెట్టుకునే ఉంటారు. మందపాటి ఆకు, అంచున గాట్లు. కాడ లేదు, వేరు లేదు, నీళ్ళు పోసేవాళ్ళు లేరు. వారం పోయాక పుస్తకం తెరిస్తే గాట్లలోంచి బుల్లి మొక్కలు వేర్లతో సహా లేచి ఉంటాయి. ఆ మొక్కకు గడ్డ ఎక్కడ, ఆకు ఎక్కడ? ఆకే సమయం వస్తే మొక్కవుతుంది.

2017లో రెండు ప్రయోగశాలలు, కాలిఫోర్నియాలో జెనెన్‌టెక్ కంపెనీలో ఫ్రెడ్ డి సోవాజ్ బృందం, టోక్యోలో కెయో విశ్వవిద్యాలయంలో తోషిరో సాతో బృందం, పేగు క్యాన్సర్‌లో గడ్డ తవ్వి చూశాయి. సాతో చేతిలో మంచి పనిముట్టు ఉంది. రోగి గడ్డలోని కణాలను జిగురులో పెంచి, పేగు నిర్మాణాన్ని పోలిన బుల్లి గడ్డలుగా తయారుచేసే పద్ధతి. దాని వెనుక ఉన్న అసలు ఉపాయం 2009లో క్లెవర్స్ దగ్గర పనిచేసినప్పుడు సాతో కనిపెట్టిందే. ఆ బుల్లి గడ్డల్లో ఎల్‌జీఆర్5 ఉన్న కణాలకు మాత్రమే ఆత్మహత్య చేసుకునే జన్యువు అమర్చి, ఎలుకల్లో నాటి, తరువాత మందు ఇచ్చారు. మూలకణాలు పోయాయి, గడ్డ తగ్గింది. మందు ఆపారు. గడ్డ తిరిగి లేచింది, అందులో మళ్ళీ ఎల్‌జీఆర్5 కణాలు. ఎక్కణ్ణుంచి వచ్చాయి? మూలకణాలు కానివనుకున్న మామూలు కణాలే, ఖాళీ చూసుకుని, మూలకణాలుగా మారాయి. కాలిఫోర్నియా ఎలుకల్లోనూ అంతే. అయితే అక్కడ ఇంకో సంగతి కూడా తెలిసింది. పేగులో గడ్డ ఆ మూలకణాలు లేకుండా నెట్టుకురాగలిగింది కానీ, కాలేయానికి పాకిన క్యాన్సర్ అక్కడ కాపురం పెట్టడానికి మాత్రం అవి తప్పనిసరి అయ్యాయి.

అంటే మూలకణం అనేది పుట్టుకా, పదవా? పాతకాలపు కరణీకంలాగ తండ్రి నుంచి కొడుక్కి పోయేదా, లేక సర్పంచి కుర్చీలాగ ఖాళీ అయితే ఇంకొకరు ఎక్కేదా? పేగు క్యాన్సర్‌లో చాలావరకు కుర్చీయేనని తేలింది. 2014లో బోస్టన్‌లో ఐదు మెదడు గడ్డల నుంచి 430 కణాలు తీసి ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదివినప్పుడు కూడా, మూలకణాలు ఇటూ మిగతావి అటూ అన్న గీత కనబడలేదు. మెట్టుమెట్టుగా దిగే వాలు కనిపించింది.

ఇదంతా మందుల దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? 2009లో అమెరికాలో పీయూష్ గుప్తా, రాబర్ట్ వైన్‌బర్గ్, ఎరిక్ లాండర్ బృందం 16,000 రసాయనాలను వడబోసి, రొమ్ము క్యాన్సర్ మూలకణాల మీద పనిచేసేది ఒకటి పట్టుకుంది. దాని పేరు సాలినోమైసిన్. కోళ్ళ ఫారం నడిపే శ్రోతలు ఈ పేరు వినే ఉంటారు. కోడిపిల్లలకు కాక్సిడియా రక్తవిరేచనాలు రాకుండా దాణాలో కలిపే మందు అదే. గుర్రానికీ మనిషికీ అది విషం కాబట్టి కోళ్ళ దాణా నుంచి ఆసుపత్రికి నేరుగా దారి లేదు. మూలకణాల మీదకని తయారుచేసిన నాపబుకాసిన్ అనే మందును వెయ్యిమందికి పైగా క్లోమ క్యాన్సర్ రోగుల మీద పరీక్షించి, లాభం కనబడక 2019లో ఆపేశారు. ఒక్కదాన్నే గురిపెట్టి కొడితే ఆకు మళ్ళీ మొక్కవుతుందని రణపాల ముందే చెప్పింది. టోక్యో ఎలుకల్లో మూలకణాలను చంపుతూనే, మామూలు కణాల మీద పనిచేసే సెటుక్సిమాబ్ అనే మందు కూడా కలిపి ఇచ్చినప్పుడు మాత్రం గడ్డ తిరిగి లేవడం బాగా తగ్గింది.

మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాం. అది ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుంది? 2022లో సాతో బృందమే ఒక జవాబు చూపింది. ఎలుక ఒంటికి చిన్న కిటికీ లాంటిది అమర్చి, లోపల నాటిన మనిషి పేగు క్యాన్సర్ కణాలను బతికుండగానే సూక్ష్మదర్శినితో రోజుల తరబడి చూశారు. ఎల్‌జీఆర్5 ఉన్నవాటిలో కొన్ని అసలు చీలకుండా మగతగా ఉన్నాయి. అవి తమ కింద ఉన్న సన్నటి పొరను ఒక ప్రొటీన్‌తో, కొల్లాజెన్ 17 అనేదానితో, గట్టిగా కరుచుకుని పడుకున్నాయి. కరుచుకున్నంతసేపూ నిద్ర. కీమో ఇచ్చారు. చుట్టూ ఉన్నవి చచ్చాయి, ఇవి చావలేదు. కానీ కీమో దెబ్బకు ఆ కొల్లాజెన్ పట్టు ఊడింది. పట్టు ఊడిన కణం కింది పొర నుంచి విడివడి, మేలుకుని, చీలడం మొదలుపెట్టింది. మేలుకొలుపు కబురు కణం లోపలికి పోయే దారిని వేరే మందుతో మూసినప్పుడు, ఆ నిద్ర ఇంకొంత కాలం సాగింది. ఆ కిటికీలోంచి వాళ్ళు ఇప్పుడు చూస్తున్నది చంపడం గురించి మాత్రమే కాదు. నిద్రపోతున్నదాన్ని లేపకుండా ఉంచడం ఎలాగన్నది కూడా.